నదిని అడిగి భోజనం చెప్పే ఎర్మెస్

మా ఫెరారాలో ఎర్మెస్ గావియోలిని "ఇవాళ ఎక్కడ తింటే బాగుంటుంది?" అని అడిగినవాడు వెంటనే తినడానికి వీల్లేదు. ఆయన ముందు ఆకాశం కేసి చూస్తాడు. తరవాత చూపుడువేలు నాలుకకి అద్దుకుని గాలిలో నిలబెడతాడు. ఆ తరవాత కళ్ళు మూసుకుని నదిలో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో తలుచుకుంటాడు. అప్పుడు గానీ హోటలు పేరు బయటికి రాదు. ఈలోపు అడిగినవాడి ఆకలి చచ్చిపోయినా ఆయన తొందరపడడు.

దీన్ని పిచ్చి అనడానికి లేదు, ఉద్యోగం తాలూకు అలవాటు. ఆయన జీవితమంతా పో నది ఒడ్డున నీటిమట్టం చూడటంలోనే గడిచింది. రేవు దగ్గర రాతిగోడకి అంకెలు చెక్కిన కొలబద్ద ఉంది. ఆ అంకె చూసి ఆఫీసుకి చెప్పడం ఆయన పని. వరదల కాలంలో ఊరు ఊరంతా ఆయన చెప్పబోయే అంకె కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేది. అంత గౌరవం చూసిన మనిషి రిటైరయ్యాక ఊరికే ఎలా కూర్చుంటాడు? వరదలు చెప్పేవాడు భోజనాలు చెప్పడం మొదలుపెట్టాడు.

నా పేరు డెల్ఫీనా. పెద్ద చర్చి వెనక సందులో బేకరీ నాదే. మా ఊరి కొమ్ముల రొట్టె, అంటే రెండు పిండిచుట్టల్ని నడుమ కలిపి నాలుగు కొనలూ బయటికి తిప్పి కాల్చేది, చుట్టుపక్కల హోటళ్ళన్నిటికీ నా దగ్గర నుంచే వెళుతుంది. ఎర్మెస్ రోజూ పొద్దున్నే సైకిలు నా గుమ్మానికి ఆనించి లోపలికి వస్తాడు. ఒక కొమ్ము విరిచి నోట్లో వేసుకుంటాడు. హోటళ్ళకి పంపడానికి సర్దిపెట్టిన గంపల ముందు కాసేపు నిలబడి, గాలి గురించి ఏదో గొణిగి వెళ్ళిపోతాడు. అందుకని ఆయన సంగతి చెప్పే హక్కు ఊళ్ళో నాకున్నంత ఇంకెవరికీ లేదు. ఆయన భార్య ఇయొలాందాకి ఉంది గానీ, ఆవిడ చెప్పే మాటలు అచ్చు వేసేవి కావు.

ఒకసారి నేపుల్స్ నుంచి కొత్తగా పెళ్ళయిన జంట వచ్చింది. కోట ముందు ఎర్మెస్ దొరికాడు, లేదా ఎర్మెస్‌కి వాళ్ళు దొరికారు. గుమ్మడికాయ ముద్ద పెట్టి మడిచే మా కప్పెల్లాచ్చి ఎక్కడ బాగుంటాయని అడిగారు. వేలు గాలిలోకి లేచింది. ఇవాళ తూర్పుగాలి కాబట్టి తూర్పున కిటికీ ఉన్న వంటింట్లో పిండి ఆరిపోయి ఉంటుందని తేల్చాడు. దారి చెప్పి వదిలేసే రకం కాదు, సైకిలు నడిపించుకుంటూ వెంట బయలుదేరాడు. దారిలో తోల్మినో హోటలు వచ్చింది. లోపల వెన్నలో సేజ్ ఆకు వేగుతున్న వాసనకి పెళ్ళికొడుకు కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

"అటు చూడకు నాయనా. ఇవాళ అది వాసన వరకే" అన్నాడు ఎర్మెస్.

మా పేట ఆ చివర నోర్మా హోటలు దాకా నడిపించాడు. పిల్ల మర్నాడు మొగుడితో నా బేకరీకొచ్చి, అటువంటివి జన్మలో తినలేదని, ఇవాళ కూడా అక్కడికే వెళతామని అంది. అక్కడే ఉన్న ఎర్మెస్ కళ్ళు మూసుకుని, గాలి మారిందని, ఇవాళ తోల్మినో దగ్గర తప్ప ఇంకెక్కడా తినకూడదని చెప్పాడు. పెళ్ళికొడుకు నా వైపు చూశాడు. నేను రొట్టెల వైపు చూశాను.

ఇంకోసారి మాంతోవాలో ఉండే మా పినతల్లి అల్లుడు వచ్చాడు. వాళ్ళ ఊళ్ళో గుమ్మడి ముద్దలో బాదం బిస్కెట్ల పొడి, ఆవఘాటు పండ్ల ఊరగాయ కలుపుతారు. అదే అసలు పద్ధతి అని ఆయన అన్నాడు. ఎర్మెస్ కోప్పడలేదు. ఎంతో జాలిగా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"మీది సరస్సు నీళ్ళ పక్కన కాసిన గుమ్మడి. దానికి రుచెక్కడిది పాపం. ఏదో ఒకటి కలుపుకోవాలి మరి."

ఆ అల్లుడు ఈస్టరు దాకా మా గడప తొక్కలేదు.

ఇంట్లో మాత్రం ఈ విద్య చెల్లదు. ఒకరోజు ఇయొలాందా పులుసు కాచి పెడితే, ఈ గాలికి పులుసు పడదని అన్నాడట. ఆవిడ గిన్నె తీసుకెళ్ళి కిటికీ బయట పెట్టి, గాలి మారేదాకా నువ్వూ దాని పక్కనే కూర్చోమంది. ఆయన కూర్చున్నాడు. ఆ దారిన పోయేవాళ్ళు ఆగి, ఇవాళ ఎక్కడ తినాలో అడిగి మరీ వెళ్ళారు. "ఆకలి రుచెరగదంటారు. మా ఆయన ఆకలికి దిక్కులు కూడా తెలుసు" అంటుంది ఆవిడ.

ఊరందరూ నవ్వి ఊరుకునేవాళ్ళే. ఊరుకోనిది మందుల షాపు బొంఫాత్తి గారొక్కరే, మందులిస్తారు కాబట్టి అందరూ ఆయన్ని డాక్టరు గారనే పిలుస్తారు. దేనికైనా కారణం తెలియకపోతే ఆయనకి నిద్ర పట్టదు. ఒక పొగమంచు రోజున నా బేకరీలో ఎర్మెస్‌ని పట్టుకున్నారు. పోయిన మంగళవారం ఇదే మంచు, నోర్మా దగ్గరికి వెళ్ళమన్నారు, ఇవాళ కూడా ఇదే మంచు, తోల్మినో దగ్గరికి వెళ్ళమంటున్నారు, ఏమిటీ లెక్క అని నిలదీశారు.

"అది నది మంచు డాక్టరు గారూ. ఇది పొలం మంచు."

"తేడా ఏమిటి?"

"నది మంచు కింద నుంచి వస్తుంది. పొలం మంచు పక్క నుంచి వస్తుంది."

బొంఫాత్తి గారు బయటికి వెళ్ళి సందులో చాలాసేపు నిలబడ్డారు. తిరిగొచ్చి, తడిసిన కళ్ళజోడు తుడుచుకుంటూ, "నాకు అన్ని వైపుల నుంచీ వచ్చింది" అన్నారు. ఆ రోజు నుంచి ఎర్మెస్‌ని ఎప్పటికైనా రుజువులతో పట్టుకోవాలని ఆయనకి పట్టుదల.

ఇక నోర్మా సంగతి చెప్పాలి. ఆ హోటలు ఆవిడా, ఆవిడ అన్నా కలిసి నడిపేవారు. వంట ఆవిడది, వచ్చినవాళ్ళని నవ్వించడం ఆయనది. ఆయన పోయాక మా సందులోవాళ్ళం మనసాగక, ఆకలున్నా లేకపోయినా రోజూ అక్కడికే భోజనానికి వెళ్ళాం. నోర్మా కొద్దిరోజులు చూసింది. పళ్ళాల్లో వదిలేసిన తిండి చూసి ఆవిడకి అర్థమైంది. ఎదురుగా ఉన్న పళ్ళాలన్నీ తీసేసి, "నేను అమ్మేది భోజనం, నా ఏడుపు కాదు. ఆకలేసినప్పుడు రండి" అని తలుపు వేసుకుంది. మళ్ళీ తెరవడానికి వారం పట్టింది. అప్పటి నుంచి నోర్మా మీద జాలి చూపించే ధైర్యం మా పేటలో ఎవరికీ లేదు.

అది జరిగిన కొన్నాళ్ళకి చర్చి మూలమీద ఫోటోల మెనూ పెట్టి ఒక కొత్త హోటలు తెరిచారు. గుమ్మంలో ఒక కుర్రాడు నిలబడి, వచ్చేపోయేవాళ్ళని చెయ్యి పట్టుకుని లాగినంత పని చేస్తాడు. తోల్మినోకి పెద్ద హాలుంది, పాత పరిచయాలున్నాయి, తట్టుకున్నాడు. నోర్మా బోర్డు కూడా మార్చనంది. తినేవాడికి ముక్కు ఉంటుంది కదా, వాసన చూసుకుని వస్తాడని ఆవిడ వాదన. నా దగ్గర నుంచి వెళ్ళే ఆవిడ గంప చూస్తుండగానే చిన్నదైపోయింది.

జనవరిలో ఒక పొద్దున ఆవిడే వచ్చి, కార్నివాల్ పండగ దాకా పంపు, ఆ తరవాత రొట్టె వద్దు అంది. ఎందుకన్నాను.

"కొమాక్కియోలో మా చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నాను. పాముచేపలు శుభ్రం చెయ్యడానికి మనిషి కావాలట."

నోర్మా చేసే పస్తిచ్చో తిన్నవాళ్ళకి నా బాధ తెలుస్తుంది. పైన తీపి పిండి, లోపల మకరోనీ, మాంసం, పుట్టగొడుగులు. తీపీ ఉప్పూ ఒకదాన్నొకటి ఎలా ఓర్చుకున్నాయా అనిపించే వంటకం. కార్నివాల్ రోజుల్లో ఊళ్ళో అందరూ చేస్తారు, ఆవిడ చేసినట్టు ఎవరికీ రాదు. ఆ చేతులు వెళ్ళి పాముచేపలు తోమడమా? మర్నాడు ఎర్మెస్‌కి చెబితే ఆయన కొమ్ము విరవడం కూడా మరిచిపోయి గంపల ముందు నిలబడిపోయాడు.

ఆ వారంలోనే నేనొక తప్పు చేశాను. జలుబుతో తల దిమ్ముగా ఉండి, గంపల చోట్లు తారుమారు చేసి పెట్టాను. ఆ రోజు తోల్మినో దగ్గర ఎవరి పిల్లాడికో బాప్తిజం విందు, ఆయన గంప కొండలా ఉంది. అది నోర్మా గంప ఉండే చోట పెట్టాను, నోర్మాది ఆయన చోట. ఎర్మెస్ వచ్చి చూసి, ముఖం వికసించి, నదికి ఇవాళ మంచి రోజని ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

మధ్యాహ్నానికి తోల్మినో ఏప్రన్‌తోనే పరిగెత్తుకొచ్చాడు. హాలు నిండా బాప్తిజం చుట్టాలు. బయట మంచులో జనం కాళ్ళు టపటపలాడిస్తూ నిలబడ్డారు, అందరినీ ఎర్మెసే పంపాడట. ఎంత చెప్పినా వాళ్ళు కదలడం లేదట, ఈ గాలికి ఇక్కడే తినాలంటున్నారట. "మీ పెద్దాయన నా మీద ఏమన్నా పగబట్టాడా?" అన్నాడు. నేను నవ్వుతూ గంపలు పెట్టే బల్ల వైపు తిరిగాను. గంపలు ఎవరివి వాళ్ళకే వెళ్ళాయి గానీ, పొద్దున వాటి చోట్లు మార్చి పెట్టానని అప్పుడు గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నం నోర్మా హోటల్లో ఒక్క బల్ల దగ్గర కూడా మనిషి లేడు.

నదీ, గాలీ, మంచూ అన్నీ నా బల్ల మీదే ఉన్నాయన్నమాట. ఎవరు రొట్టె తక్కువ తీసుకుంటే వాళ్ళకి ఆ రోజు బేరం లేనట్టు. ఈయన అది చూసుకుని, కనపడ్డ ప్రతివాడినీ అక్కడికి తోలుతున్నాడు.

మర్నాడు తలుపు దగ్గరికి వేసి అడిగేశాను. ఆయన నేల చూపులు చూశాడు.

"గాలి కూడా కొంచెం చూస్తాను" అన్నాడు.

తరవాత అంతా చెప్పాడు. ఎవరికి తక్కువైతే వాళ్ళ దగ్గరికి పంపుతాడట, ఒక్కోసారి తోల్మినోకి కూడా. నోర్మాకే ఎక్కువసార్లు తక్కువవుతోందట. నోర్మా దగ్గరికి వెళ్ళండని తిన్నగా చెప్పొచ్చు కదా అన్నాను.

"ఆవిడ సంగతి నీకు తెలీదా అమ్మాయ్? జాలిపడి వచ్చారని తెలిస్తే కార్నివాల్ దాకా కూడా ఆగదు, ఆ రోజే తలుపు మూసేస్తుంది. నది పంపిందంటే ఏం చేస్తుంది? నది మీద అలగదు కదా."

ఆ క్షణాన ఆ ముసలాయన మీద నాకు చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టె మొత్తం చేతిలో పెట్టాను. వేళ్ళు కాలి, దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, ఇక మా పేట కార్నివాల్ విందొక్కటే దారి అన్నాడు. ఆ విందు ఏటా తోల్మినో హాల్లోనే. అది నోర్మా దగ్గర జరిగి, పేటంతా ఆవిడ పస్తిచ్చో తింటే, మళ్ళీ వెళ్ళకుండా ఉండలేరు. ఆవిడకీ జనాన్ని వదిలి పోవడానికి మనసొప్పదు.

విందు సంగతి మాట్లాడుకోవడానికి ఒక సాయంత్రం అందరూ నా బేకరీలోనే చేరారు, పొయ్యి వెచ్చన కోసం. నోర్మా కూడా మా పేట మనిషే కాబట్టి వచ్చి, పిండి బస్తాల పక్కన నిలబడింది. ఎర్మెస్ లేచాడు. నది ఎక్కుతోందని, నీళ్ళు ఎక్కితే గాలిలో చెమ్మ పెరుగుతుందని, చెమ్మకి పస్తిచ్చో మీది పిండి మెత్తబడి పోతుందని, నోర్మాది పాత ఇటుక పొయ్యి కాబట్టి ఈ ఏడాది అక్కడైతేనే అది నిలబడుతుందని వరస పెట్టి చెప్పాడు. తోల్మినో, తనకేం అభ్యంతరం లేదని, ఒక్క ఏడాదైనా కూర్చుని తింటానని అన్నాడు. పని అయిపోయిందనుకున్నాను.

బొంఫాత్తి గారు లేచారు.

"నేను పొద్దున రేవుకి వెళ్ళొచ్చాను, సైకిలు మీద. నది ఎక్కడం లేదు. కొలబద్ద కింద రాళ్ళు కూడా బయటపడ్డాయి. బాతులు నడుచుకుంటూ పోతున్నాయి." జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఎర్మెస్ గారూ, నది ఎక్కలేదు. మరి విందు నోర్మా దగ్గరే ఎందుకు? అసలు కారణం చెప్పండి."

అందరూ ఎర్మెస్ వైపు తిరిగారు. నోర్మా కూడా. అసలు కారణం నా నాలుక చివరన ఉంది, పైకి అంటే నోర్మా ఆ రాత్రికే పెట్టె సర్దుకుంటుంది. ఎర్మెస్ ఒకసారి నోర్మాని చూశాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"కారణం ఏముంది డాక్టరు గారూ. పొద్దున నేనూ వెళ్ళాను. ఎక్కిందనే అనుకున్నాను. అంకెలు కనపడటం లేదు. కొంతకాలంగా ఇంతే."

ఎర్మెస్ కళ్ళ సంగతి నాకు తెలుసు. నా గుమ్మంలో నిలబడి, లోపల చివరి పళ్ళెంలో ఏ కొమ్ము మాడిందో చెప్పగల మనిషి. ఆయన చెప్పిన అంకె నమ్ముకుని ఈ ఊరు పిల్లల్ని పడుకోబెట్టుకున్న రోజులున్నాయి. ఆ మనిషి ఇంతమందిలో నిలబడి నాకు అంకె కనపడటం లేదన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వుతున్నవాళ్ళందరూ ఆగిపోయారు.

బొంఫాత్తి గారి ముఖం చూడాలి. గెలవాలని ఎన్నాళ్ళుగానో తపించి, గెలిచాక ఆ గెలుపుని ఎక్కడ పెట్టుకోవాలో తెలియని ముఖం. కూర్చున్నారు. మళ్ళీ లేచారు. తన కళ్ళజోడు కూడా పొద్దున తడిసిపోయి ఉందని, బాతులు ఈదుతూ ఉండొచ్చని, అయినా ఇటుక పొయ్యి మాట నిజమే కదా అని, విందు నోర్మా దగ్గరే పెడదామని గబగబా చెప్పేసి ముక్కు చీదుకున్నారు. అవునవునని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. ఆ తొందరంతా ఎర్మెస్ మీద జాలి.

నోర్మా బస్తాల పక్క నుంచి మెల్లగా వచ్చి ఎర్మెస్ ఎదుట నిలబడింది.

"నేను వెళ్ళిపోదామనుకున్నాను. పెట్టె కూడా దించుకున్నాను. కానీ ఇంతమందిలో నీ మాట పోకూడదు ఎర్మెస్. చేస్తాను" అంది. వెళుతూ వెళుతూ నా చెవిలో, "ఎంత మనిషి ఎలా అయిపోయాడు పాపం" అంది. నేను పిండి డబ్బా మూత గట్టిగా బిగించాను, అప్పటికే అది బిగించే ఉంది.

విందుకి చోటు చాలక ఇళ్ళలోంచి బల్లలు మోసుకొచ్చారు. నోర్మా పస్తిచ్చో కోసేసరికి తీపి పిండి పెళుసుగా విరిగి లోపలి వేడి పైకి లేచింది. అందరూ పళ్ళాల మీదికి వంగారు. బొంఫాత్తి గారు మారు మీద మారు వేయించుకున్నారు, ఏ కారణమూ అడగలేదు. తోల్మినో పిండిలో ఏం కలిపావని అడిగి చీవాట్లు తిన్నాడు. ఆ తరవాత ఆదివారాలకి జనం బల్లలు ముందే చెప్పుకోవడం మొదలైంది. నోర్మా తన చెల్లెలికి ఫోన్ చేసి, పాముచేపలకి ఇంకెవరినైనా చూసుకోమంది. నా బల్ల మీద ఆవిడ గంప మళ్ళీ పెద్దదైంది.

కష్టమంతా ఎర్మెస్‌కి వచ్చింది. ముందు ఇయొలాందా నా మీదికి వచ్చింది. ఆయనకి చూపు పోతోందని వీధిలో ఎవరో ఓదార్చారట. "నిన్న నా నెత్తిన తెల్లవెంట్రుక ఒక్కటుంటే, అటు మూల నుంచి చూసి చెప్పాడు. ఈయనకి చూపు పోవడమేమిటి?" అంది. ఆవిడకి నిజం చెప్పక తప్పలేదు. విని, కొంగులా శాలువా సర్దుకుని, "అయితే వీధిలో నా చెయ్యి పట్టుకునే నడవాలి. పెళ్ళయిన కొత్తలో కూడా పట్టుకోలేదు మహానుభావుడు" అంది. ఇప్పుడు ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వస్తారు. ఇంకో చేతి వేలు గాలిలో పెట్టి, ఆయన దారిన పోయేవాళ్ళకి భోజనాలు చెబుతూనే ఉన్నాడు.

ఇక మధ్యాహ్నం పూట ఊరందరికీ హోటలు ఎంచిపెట్టే మనిషికి తన భోజనం ఎంచుకునే స్వేచ్ఛ లేదు. నోర్మా కబురు పెట్టి మరీ పిలిపించి, పొయ్యికి దగ్గరగా కూర్చోబెడుతుంది. మాంసం చిన్న చిన్న ముక్కలు కోసి, ఎడం పక్కన కప్పెల్లాచ్చి, కుడి పక్కన రొట్టె అని చెప్పి మరీ పెడుతుంది. ఆయన నిక్షేపంలాంటి కళ్ళతో పళ్ళెం చూస్తూ, చెమ్చా కోసం కాస్త తడుముకుని తింటాడు.

మొన్న గంప పట్టుకెళ్ళినప్పుడు చూశాను. అందరికీ ఒక వంట, ఎర్మెస్‌కి విడిగా చిన్న గిన్నెలో ఇంకొకటి ఉడుకుతోంది. రోజూ ఆయన కోసం ప్రత్యేకంగా చేస్తున్నావా నోర్మా అన్నాను. ఆవిడ కంగారుగా నా చెయ్యి పట్టుకుని గుమ్మం అవతలికి లాగింది.

"గట్టిగా అనకు. మిగిలిపోయిందని చెప్పి పెడుతున్నాను. జాలిపడి పెడుతున్నానని తెలిస్తే మళ్ళీ ఈ గడప తొక్కడు. కొంతమందికి అంత పట్టింపు ఉంటుంది డెల్ఫీనా, మనమే కనిపెట్టుకుని నడుచుకోవాలి."